ఎత్తి పడేసే ముందు... పడటం వచ్చా?

పంతొమ్మిదేళ్ల కుర్రాడు. డిగ్రీ రెండో సంవత్సరం. "నాలుగు రోజులుగా తల నొస్తా ఉంది సార్" అంటూ ఓపీకి వచ్చాడు. జ్వరం లేదు. బీపీ బాగుంది. రాత్రిళ్లు ఫోన్ వదలడని వెంట వచ్చిన తల్లి ఫిర్యాదు. పారాసిటమాల్ రాసి, వేళకు నిద్రపొమ్మని చెప్పి పంపించేశాను. ఆ రోజు ఓపీలో వంద మందికి పైగా ఉన్నారు. అది కారణమే గానీ సాకు కాదు.

మూడో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి తనంతట తాను నడవలేదు, ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పొద్దున్నుంచి రెండు వాంతులు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు, వెంటనే మూసేస్తున్నాడు. ఎక్కడైనా పడ్డాడా అని అప్పుడు అడిగాను. తల్లి లేదంది. వెనక నిలబడ్డ చిన్నాన్న కొడుకు నేల చూస్తూ అన్నాడు: "పోయిన వారం మిద్దె మీద ఆడినాం సార్. నేను జూడో పట్టు వేసినా. వెల్లకిలా పడినాడు. తల కొంచెం తగిలింది, అంతే."

సీటీ స్కాన్ తీస్తే పుర్రె లోపల, మెదడు మీద రక్తం పేరుకుని ఉంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపాం. ఆపరేషన్ చేశారు. బతికాడు, కోలుకున్నాడు, ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. ఉద్యోగరీత్యా కుప్పం, పుంగనూరు, మదనపల్లె మూడు ఊళ్ల జనాన్నీ చూశాను. ఇది ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పను, ఆ ఇంటివాళ్లకు ఇబ్బంది. ఆ రోజు నుంచి తలనొప్పితో వచ్చిన ప్రతి కుర్రాడినీ మొదట అడిగే ప్రశ్న మారింది: "ఆటలో ఎక్కడన్నా పడినావా?"

మీ ఇంట్లోనూ ఈ ఆట ఆడే పిల్లలుంటే ఈ వ్యాసం మీ కోసమే. మాన్పించమని చెప్పడానికి కాదు. ఏ వరుసలో నేర్చుకోవాలో చెప్పడానికి.

బెంగళూరు నుంచి మిద్దె మీదికి

ఆ పట్టు వేసిన చిన్నాన్న కొడుకు చెడ్డవాడు కాదు. బెంగళూరులో ఉద్యోగం. రెండేళ్లుగా అక్కడి జిమ్‌లో బ్రెజిలియన్ జియు జిట్సు నేర్చుకుంటున్నాడు. కుప్పంలో రైలెక్కితే రెండు గంటలు, మదనపల్లెలో బస్సెక్కితే మూడు గంటలు. మన పిల్లలు అక్కడ చదువుతారు, అక్కడ పనిచేస్తారు, పండక్కి ఇంటికొచ్చినప్పుడు అక్కడ నేర్చినది ఇక్కడ చూపిస్తారు. మిద్దె మీద జంబుఖానా పరిచి, దాని మీద పాత పరుపు వేసి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని అన్నదమ్ములిద్దరూ మొదలుపెట్టారు.

జియు జిట్సు తెలిసినవాడికి జూడో పట్టు ఎందుకు కావలసి వచ్చింది? ఇక్కడే అసలు చిక్కు ఉంది. జియు జిట్సు ప్రధానంగా నేల మీది కుస్తీ. చాలా జిమ్‌లలో చోటు తక్కువ, జనం ఎక్కువ. నిలబడి పెనుగులాడితే పక్కవాళ్ల మీద పడతారని మోకాళ్ల మీద కూర్చునే సాధన మొదలుపెట్టిస్తారు. పోటీ మాత్రం నిలబడే మొదలవుతుంది. రెండేళ్లు నేల మీద చక్కగా ఆడినవాడు కూడా నిలబడి ఎదుటివాడిని కింద పడేయడం తెలియక తెల్లమొహం వేస్తాడు. దాంతో జూడో వైపు చూస్తాడు. చూడటం మంచిదే. కాకపోతే అతని నడుముకు బ్లూ బెల్టు ఉంటుంది గానీ, పడటంలో అతను ఎల్‌కేజీ. ఆ సంగతి అతనికి తెలియదు. అతని చేతిలో పడే తమ్ముడికి అసలే తెలియదు.

ఈ రెండు విద్యలూ నిజానికి ఒకే ఇంటివి. జపాన్‌లో జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు పాత జుజుత్సు విద్యలోంచి ప్రమాదకరమైనవి పక్కనపెట్టి 1882లో జూడోను రూపొందించాడు. ఆయన సంస్థ కొడోకాన్‌లో శిక్షణ పొందిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్రేసీ కుటుంబం నేల మీది పట్లను పెంచి పోషించింది. అదే బ్రెజిలియన్ జియు జిట్సు. మన దేశానికీ ఈ విద్య కొత్తేం కాదు. 1929లోనే రవీంద్రనాథ్ టాగూర్ జపాన్ నుంచి షింజో తకగాకి అనే జూడో గురువును శాంతినికేతన్‌కు రప్పించారు. 1919లో మదనపల్లె బీసెంట్ కాలేజీలో విడిది చేసి జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చిన టాగూరే. మదనపల్లెవాళ్లం ఆ సంగతి ప్రతి ఆగస్టు పదిహేనుకూ చెప్పుకుంటాం, జూడో సంగతి ఎవరూ చెప్పరు.

కానో పద్ధతిలో కొత్తగా వచ్చినవాడికి ముందు నేర్పేది పట్టు కాదు, పడటం. దాన్ని ఉకెమి అంటారు. ఫోన్ వీడియోల్లో జనం దాటేసేది కచ్చితంగా ఆ భాగమే.

టమాటా ట్రే లెక్క

తల పగల్లేదు కదా, నెత్తురు రాలేదు కదా, ఇంకేం అవుతుంది అంటారు. మన టమాటా మండీనే గుర్తు తెచ్చుకోండి. ట్రేను లారీ మీంచి ధబీమని దించితే ట్రే పగలదు. లోపలి కాయలు చితుకుతాయి. పుర్రె ట్రే లాంటిది, మెదడు కాయ లాంటిది. వెల్లకిలా పడినప్పుడు మెడ కండరాలు తలను ఆపలేకపోతే తల ఒక్కసారిగా వెనక్కి విసురుగా తిరుగుతుంది. మెదడు నుంచి పైపొరకు వెళ్లే సన్నటి సిరలు ఆ విసురుకు తెగుతాయి. దీనికి తల గట్టిగా నేలకు కొట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. కొందరిలో రక్తస్రావం గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కొందరిలో నెమ్మదిగా, మన కుర్రాడిలా, రోజుల తరబడి తలనొప్పిగా సాగుతుంది.

జూడో పుట్టిన దేశమే ఈ పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాల్లో జపాన్ స్కూళ్లలో జూడో ఆడుతూ వంద మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధ విద్యలను తప్పనిసరి చేసినప్పుడు ఈ లెక్క బయటికొచ్చి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. తల దెబ్బల కేసులను వైద్యులు వరసగా పరిశీలిస్తే ఎక్కువమంది ఇరవై ఏళ్లలోపువాళ్లు, ఆటలో కొత్తవాళ్లు. పుర్రె లోపలి రక్తస్రావమే ప్రధాన కారణం. ఎక్కువగా కనిపించిన పట్టు ఒసోటో గారి. అంటే ఎదుటివాడి కాలి వెనక మన కాలు వేసి, వెనక్కి నెట్టి, వెల్లకిలా పడేయడం. ఆ "గారి" మన మర్యాద మాట కాదు. జపాన్ భాషలో కోత కోయడం. కొడవలితో వరి కోసినట్టు కాలిని కోయడమన్నమాట. మిద్దె మీద అన్న వేసింది ఈ పట్టే. చూడటానికి అన్నిటికంటే సులువుగా ఉంటుంది కాబట్టి అందరూ దీంతోనే మొదలుపెడతారు.

పడటం ఎలా నేర్చుకోవాలి?

మొదట పడుకునే మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనించి, సొంత బెల్టు ముడిని చూడాలి. అలా చూస్తున్నంతసేపూ తల వెనక భాగం నేలకు తగలదు. చేతులు ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల దూరంలో ఉంచి, అరచేయి నుంచి మోచేతి దాకా ఒకేసారి చాపను చరచాలి. మోచేయి ముందు తగలకూడదు. చరిచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలాలి. ఇది ఒంటికి అలవాటయ్యాక గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, ఆ తర్వాత నిలబడి పడటం, ఆ తర్వాతే మరొకరు పడేస్తే పడటం. వెనక్కి, రెండు పక్కలకి, ముందుకి దొర్లుతూ... ఇవన్నీ రావాలి.

ఎంతకాలం పడుతుంది? వారానికి మూడు రోజులు సాధన చేసే ఆరోగ్యవంతుడికి నా లెక్కలో కనీసం నెల. నేను కూడా నలభై దాటాక ఈ పడటం ఒక్కటీ నేర్చుకున్నాను, పిల్లలకు చెప్పేముందు తెలుసుకుందామని. మొదటి రెండు రోజులు మెడ పట్టేసి, స్టెతస్కోపు మెడలో వేసుకోవడానికి కూడా కష్టమైంది. ఆ నొప్పి చూశాక అర్థమైంది, మెడ ముందు కండరాలను మనం జన్మలో వాడం. అందుకే పడుకుని గడ్డం ఛాతీకి ఆనించి పది లెక్కపెట్టే వ్యాయామం రోజూ చేయిస్తే మంచిది.

ఒక తప్పు అందరూ చేస్తారు. పడుతున్నామనగానే చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోబోతారు. మనిషి బరువంతా ఆ మణికట్టు మీద, మోచేతి మీద పడుతుంది. మణికట్టు విరుగుతుంది లేదా మోచేయి తప్పుతుంది. చెయ్యి నేలను చరచాలి గానీ ఆపకూడదు.

చాప విషయం కూడా చెప్పాలి. జూడో చాపలు 4 నుంచి 5 సెంటీమీటర్ల మందంలో, గట్టిగా, దగ్గరదగ్గరగా బిగించి ఉంటాయి. మన ఊళ్లలో ఫంక్షన్ హాలులోనో స్కూలు వరండాలోనో సిమెంటు నేల మీద అరంగుళం ఫోమ్ ముక్కలు పరిచి నేర్పేవాళ్లున్నారు. అవి నేల మీది సాధనకు చాలు, నిలబడి విసరడానికి చాలవు. ఇంట్లో పరుపు ఇంకా మోసం. పడేవాడికి మెత్తగానే ఉంటుంది గానీ నిలబడ్డవాడి పాదం అందులో దిగబడిపోతుంది. పాదం కదలక, ఒళ్లు తిరిగితే మెలి పడేది మోకాలికి.

ఏ పట్లు? ఏవి వద్దు?

ఇక్కడ జూడోకీ జియు జిట్సుకీ తేడా తెలియాలి. జూడోలో ఎదుటివాడిని వేగంగా, అదుపుతో వెల్లకిలా పడేస్తే ఆట అక్కడితో అయిపోయింది. జియు జిట్సులో దానికి సాధారణంగా 2 పాయింట్లు, అసలు ఆట అప్పుడే మొదలు. కాబట్టి పట్టు ఎంత అందంగా వేశామన్నది కాదు, పడ్డాక మనం ఎక్కడ ఉన్నామన్నది లెక్క. పైగా అంతర్జాతీయ జూడోలో 2013 నుంచి నిలబడి ఉన్నప్పుడు కాళ్లను చేత్తో పట్టుకోవడం పూర్తిగా నిషిద్ధం. అందుకే జూడోవాళ్లు నిటారుగా నిలబడతారు. జియు జిట్సులో ఎదుటివాడు నడుము వంచి, మీ కాళ్ల కోసం చూస్తుంటాడు. టీవీలో ఒలింపిక్ జూడో చూసి అలాగే దూరితే కాలు అతని చేతిలో పెట్టినట్టే.

వీపు తిప్పి, భుజం మీంచి విసిరే సెఓయి నాగే చూడముచ్చటగా ఉంటుంది. అది విఫలమైతే జూడోలో బోర్లా ముడుచుకుంటే చాలు, కాసేపట్లో రిఫరీ ఆపేస్తాడు. జియు జిట్సులో ఎవరూ ఆపరు. ఎదుటివాడు వీపెక్కి మెడ పట్టేస్తాడు. వైద్యుడిగా నాకు ఇంకో అభ్యంతరం ఉంది. అనుభవం లేనివాడు ఈ పట్టుకు పడితే భుజం మొనతో నేలను తాకుతాడు. కాలర్ ఎముక విరగడం, దాని చివర కీలు జారడం ఇలాగే జరుగుతాయి.

కొత్తవాళ్లకు నా ఓటు మూడింటికి. రెండు కాళ్ల మధ్య నుంచి కాలు వేసి కోసే ఓ ఉచి గారి, దాని తమ్ముడు కో ఉచి గారి, ముందుకొస్తున్న చీలమండకు పాదం అడ్డుపెట్టి పక్కకు తిప్పే ససాయె. మూడింట్లోనూ వీపు తిప్పక్కర్లేదు. మనిషి గాల్లోకి లేవడు, పడే ఎత్తు తక్కువ. తప్పిపోయినా ఇద్దరూ ఎదురెదురుగానే ఉంటారు. మొదటి రెండింట్లో వెల్లకిలా పడటం ఉంది కనుక గడ్డం జాగ్రత్త తప్పదు. అందుకే మూడో దానితో మొదలుపెట్టినా తప్పులేదు. ముందుకు దొర్లడం బాగా వచ్చిన జంటకు తొమోయే నాగే, అంటే తాను వెల్లకిలా పడుకుంటూ పాదంతో ఎదుటివాడిని తల మీంచి దాటించడం, జియు జిట్సుకు అతికినట్టు సరిపోతుంది. పట్టు తప్పి కింద ఉండిపోయినా, ఆ చోటు జియు జిట్సువాడికి సొంతిల్లే.

వద్దనేవి కూడా స్పష్టంగా చెబుతాను. కాళ్లను కత్తెరలా ఎదుటివాడి కాళ్లకు వేసి పడేసే కానీ బసామి పూర్తిగా వద్దు. 1980లో జపాన్ దిగ్గజం యసుహిరో యమషిత కాలి ఎముక ఈ పట్టుతోనే విరిగింది. ఇవాళ జూడోలోనూ జియు జిట్సు ప్రధాన పోటీల్లోనూ అది నిషిద్ధం. తాని ఓతోషి, అంటే పక్క నుంచి వెనక్కి జారుతూ ఎదుటివాడిని కూలదోసే పట్టు, నిషిద్ధం కాదు గానీ కొత్తవాళ్లు దాన్ని వేస్తూ ఎదుటివాడి మోకాలి మీదే కూర్చుంటారు. టప్ మన్న శబ్దం వచ్చి, గంట రెండు గంటల్లో మోకాలు వాచిందంటే లిగమెంట్ తెగిందేమోనని అనుమానించాలి. కట్టు కట్టించుకుని, పసుపు పట్టు వేసి వారం తిరగకండి. ఇంకొకటి, ఎగిరి ఎదుటివాడి నడుముకు కాళ్లు చుట్టడం. ప్రధాన పోటీల్లో తెల్లబెల్టు వాళ్లకు, పిల్లలకు దీన్ని ఒప్పుకోరు. ఇంట్లో మనమూ ఒప్పుకోకూడదు.

ఆ చెయ్యి వదలొద్దు

కోచ్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి చాలు. పట్టు వేసినవాడు పడుతున్నవాడి చొక్కా చేతిని వదిలేస్తున్నాడా, పట్టుకునే ఉంటున్నాడా? మంచి జూడో శిక్షణలో విసిరినవాడు చివరి క్షణంలో ఆ చేతిని పైకి లాగి పట్టుకుంటాడు. దాంతో పడేవాడు పక్కకు ఒరిగి, వీపు పక్క భాగంతో దిగుతాడు. తల పైనే ఉంటుంది. అదే చెయ్యి జియు జిట్సువాడికి కూడా కావాలి. దాన్ని పట్టుకుని ఉన్నందుకే కింద పడ్డవాడు దొర్లి తప్పించుకోలేడు, అక్కడి నుంచే అదుపు, అక్కడి నుంచే చేతి తాళం. స్నేహితుడి తలను కాపాడేదీ, పోటీలో గెలిపించేదీ ఒకే పట్టు. ఎత్తి ధబేలున వదిలేసేవాడికి రెండూ రావు.

సాధన కూడా ఎక్కువ భాగం పడేయకుండానే సాగాలి. పట్టులోకి దూరి, ఎదుటివాడి తూకం తప్పించి, ఆగిపోయి వెనక్కి రావడం. ఇలా వందసార్లు చేశాక పదిసార్లు పడేస్తే చాలు. ఆ పది కూడా మందపాటి మెత్తటి చాప మీద. పడేవాడు దాదాపు మీ ఒడ్డూ పొడుగూ ఉన్నవాడై ఉండాలి.

తల తగిలితే

ఆ రోజుకు ఆట బంద్. "బాగానే ఉన్నా" అన్నా సరే బంద్. మొదటి ఒకటి రెండు రోజులు ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరుగుతూ పోవడం, పదేపదే వాంతులు, లేపినా లేవని మగత, మాట తడబాటు, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడటం, ఫిట్స్, కంటిపాపలు రెండూ ఒకేలా లేకపోవడం, అకారణంగా చిరాకు, తిక్కమాటలు... వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. రెండు రోజులు గడిచిపోయాయి కదా అని ధీమా వద్దు. తలనొప్పి రోజురోజుకూ తగ్గకుండా సాగుతుంటే వారం తర్వాతైనా వచ్చి చూపించండి. వచ్చినప్పుడు, డాక్టరు అడగకపోయినా పడ్డ సంగతి మీరే చెప్పండి. నాలాంటివాళ్లు మర్చిపోతారు.

నొప్పికి పారాసిటమాల్ వేయవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచే అవకాశం ఉంది కనుక వద్దు. స్కాన్ నార్మల్ వస్తే లోపల రక్తం లేదని అర్థం, మెదడు కుదుపుకు లోనుకాలేదని కాదు. తలనొప్పి, తిమ్మిరి, చదివింది ఎక్కకపోవడం పూర్తిగా పోయాక నడకతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచాలి. ఒక్కో మెట్టు మీద కనీసం ఒక రోజు ఆగాలి. పడేసే సాధనకు మాత్రం డాక్టరు సరేనన్నాకే. పిల్లల విషయంలో నేను మూడు వారాలు దాటనిదే సరే అనను. పోటీ ఉంది సార్ అని తండ్రులు బతిమాలతారు. జపాన్ జూడో సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ పోటీలనే రద్దు చేసింది. పెద్దల గెలుపు పిచ్చి పిల్లల మీద పడుతోందని.

నలభై దాటిన తండ్రులు కూడా పిల్లలతోపాటు చేరుతున్నారు, సంతోషం. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం నిలబడి పడేసే సాధన జోలికి పోవద్దు. వాళ్లకు చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు. ఇన్సులిన్ వాడేవాళ్లు సంచిలో గ్లూకోజ్ పెట్టుకోండి. మొదటి వారమే ఒళ్లు హూనం చేసుకుని, మర్నాడు మూత్రం కోలా రంగులో వస్తే అది వేడి చేయడం కాదు. కండరాలు చితికి కిడ్నీల మీద భారం పడుతోందని. అదే రోజు రక్తపరీక్ష కావాలి.

ఆ కుర్రాడు మళ్లీ చాప ఎక్కాడా అని మీరు అడగొచ్చు. మెదడు డాక్టరు వద్దన్నాడు, వాడు మానేశాడు. అన్న మాత్రం బెంగళూరులో జూడో కోచ్ దగ్గర చేరాడు. మొదటి ఐదు వారాలూ పడటమే నేర్పారట. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నా దగ్గరికొచ్చాడు. నడుము దగ్గర, తొడల మీద గుండ్రటి మచ్చలు, ఎర్రటి అంచులు, విపరీతమైన దురద. చాప మీద ఒకరి నుంచి ఒకరికి అంటే తామర. మెడికల్ షాపులో ఇచ్చారని క్లోబెటాసోల్ కలిసిన ట్యూబు రెండు నెలలుగా పూస్తున్నాడు. స్టెరాయిడ్‌తో దురద తగ్గినట్టే ఉంటుంది, తామర లోలోపల పాకిపోతుంది. ట్యూబు నా బల్ల కింద చెత్తబుట్టలో వేయించాను. నోటి మందు, పూత మందు రాశాను. మచ్చలు పోయేదాకా ఎవరినీ పట్టుకోవద్దన్నాను. సాధన అయిన వెంటనే సబ్బుతో స్నానం, ఏ రోజు డ్రెస్సు ఆ రోజే ఉతికి ఎండలో ఆరేయడం, తువ్వాలు ఎవరికీ ఇవ్వకపోవడం చెప్పాను. "తమ్ముడికి తల నొప్పి ఏమన్నా వస్తోందా?" అని అడిగాను. లేదన్నాడు. ఆ మాట తమ్ముడి నోటే వినాలని, మరుసటి సోమవారం ఇద్దరినీ రమ్మన్నాను.